మధ్య ఊళ్ళో కాపురం

ఆసుపత్రిలో అందరూ ఆవిడని పళ్ళక్క అనేవారు. కొత్తగా చేరినవాళ్ళు బజారులో పళ్ళమ్ముకునే మనిషేమో అనుకుని, తీరా చూశాక నవ్వుకునేవారు. ఆవిడ చేసేది పళ్ళసెట్లు. పెద్ద దంతాసుపత్రి వెనక, కిటికీలకి తెల్లటి పొడి పేరుకుపోయిన పొడుగాటి గదిలో కూర్చుని, డాక్టర్లు పంపిన నోటి అచ్చుల మీద మైనం పరిచి, ఒక్కొక్క పన్నూ నిలబెట్టి, చిగుళ్ళకి రంగు కుదిర్చేది. ముసలివాళ్ళ నోట్లో మరీ తెల్లటి పళ్ళు వరసగా పెడితే ఎరువు తెచ్చుకున్నట్టుంటాయని, కావాలనే ఒకదాన్ని రవ్వంత వంకరగానూ, ఇంకోదాన్ని కాస్త పసుపుగానూ పెట్టేది. సెట్టు పెట్టుకున్నవాళ్ళు అద్దంలో చూసుకుని, ఇవి మా పళ్ళేనండీ అనేవారు. ఆ మాట కోసం ఎంత పనైనా చేసేది.

పెళ్ళి ఆలస్యంగా అయింది. వరుడు ఈవిడ ఊరి రైలు మార్గంలోనే అవతలి చివరనున్న నగరంలో వెల్డింగ్ నేర్పే మాస్టారు. మాట తక్కువ మనిషి. మొదటిసారి ఎదురెదురుగా కూర్చున్నప్పుడు ఆయన ముంజేతుల మీద నిప్పురవ్వలు కాల్చిన మచ్చల్ని ఈవిడ చూసింది, ఈవిడ గోళ్ళ చుట్టూ ఎండిపోయిన ప్లాస్టర్‌ని ఆయన చూశాడు. ఇద్దరికీ నవ్వొచ్చింది. అక్కడే కుదిరిపోయింది.

చిక్కల్లా ఎక్కడ ఉండాలన్న దగ్గరే వచ్చింది. పళ్ళు లేనివాళ్ళు మా ఊళ్ళో మాత్రం లేరా, ఆ పనేదో ఇక్కడికొచ్చి చేసుకోవచ్చుగా అన్నారు అత్తగారు. బావగారి సంస్థకి మా ఊళ్ళో కూడా బ్రాంచి ఉంది, ఆయనే రావచ్చుగా అన్నాడు ఈవిడ అన్నయ్య. రెండువైపులా మొహాలు ముడుచుకుంటున్న సమయంలో మాస్టారు నోరు విప్పాడు.

"నేను ట్రాన్స్‌ఫర్‌కి పెట్టుకుంటాను. అదొచ్చేదాకా మధ్యలో ఉన్న జంక్షన్ ఊళ్ళో ఇల్లు తీసుకుందాం. ఇద్దరికీ దూరం సమానం. కష్టమైనా సుఖమైనా చెరిసగం."

పళ్ళక్క ఆ చెరిసగం అన్న మాటకి పడిపోయింది. మా ఆయన ఎలాంటివాడో చూడండని ల్యాబులో కనిపించిన ప్రతివాళ్ళకీ చెప్పుకుంది.

మధ్య ఊరంటే ఊరు కాదు, రైళ్ళు ఆగి ఊపిరి పీల్చుకునే చోటు. స్టేషన్ వెనక వీధిలో మేడ మీద రెండు గదులు దొరికాయి. గూడ్సుబండి వెళ్ళినప్పుడల్లా వంటింటి గూట్లో గ్లాసులు ఒకదాన్నొకటి పొడుచుకునేవి. కింది వాటాలో ఇల్లుగలావిడ ఉండేది. ఎవరైనా అడిగితే, మేడ మీద ఎవరూ ఉండరమ్మా, ఇద్దరు మనుషులు పడుకోడానికి వస్తుంటారంతే అని చెప్పేది. వేళాకోళానికే అన్నా అందులో అబద్ధం లేదు.

దూరం చెరిసగమే గానీ కాలం మాత్రం చెరిసగం కాదని మొదటి వారంలోనే తెలిసిపోయింది. మాస్టారి వైపు ఎక్స్‌ప్రెస్ ఉంది. ఎక్కి కూర్చుంటే దింపేది. కిటికీ పక్క సీటు, చేతిలో పేపరు. పళ్ళక్క వైపు పాసింజరు ఒక్కటే గతి. అది ప్రతి దిబ్బ దగ్గరా ఆగేది, ఎదురుబండికి దారిచ్చి పొలాల మధ్య గంటలకొద్దీ నిలబడేది. దిగాక మళ్ళీ బస్సు. ఆవిడ చీకటితో లేచి, వంట చేసి, ఆయన డబ్బా కూడా కట్టిపెట్టి, ఆయన ఇంకా దుప్పట్లో ఉండగానే మెట్లు దిగేది. సాయంత్రం ఆవిడొచ్చేసరికి ఆయన స్నానం చేసి, లుంగీ కట్టుకుని, రేడియో పెట్టుకుని ఉండేవాడు. టీ పెట్టి ఇచ్చేవాడు, ఆ మాట చెప్పుకోవాలి. కానీ ఆ టీ తాగుతున్నప్పుడు కూడా ఆవిడ ఒళ్ళు రైల్లో ఉన్నట్టే ఊగుతుండేది.

ఫిర్యాదు చెయ్యలేదు. కిలోమీటర్లు సమానమే కదా, ఇక ఏమని చేస్తుంది? అయినా ఇదంతా ట్రాన్స్‌ఫర్ వచ్చేదాకానే. ఆ మాట ఆ ఇంట్లో ఒక పెద్దమనిషిలాగా ఉండేది. ఏ నిర్ణయమైనా దాన్ని అడిగే చెయ్యాలి. మంచం కొనాలా అంటే ట్రాన్స్‌ఫర్ వచ్చాక కొందాం, మళ్ళీ మొయ్యడం ఎందుకు. గోడకి మేకు కొట్టాలా అంటే ఇంకెన్నాళ్ళుంటాంలే. పిల్లల మాట వచ్చినా అంతే. ఇద్దరం పొద్దున పోయి రాత్రికొస్తే పసిపిల్లని ఎవరు చూస్తారు, ఒక ఊళ్ళో పడ్డాక చూద్దాం అనుకున్నారు. అనుకుంది ఇద్దరూ కలిసే. తీరా ఇక ఆగకూడదనుకుని వెళ్ళినప్పుడు డాక్టరమ్మ, ఇంకాస్త ముందొచ్చి ఉండాల్సింది అంది. ఆ రోజు పళ్ళక్క ల్యాబుకి తిరిగొచ్చి, మధ్యాహ్నం దాకా ఒకే పన్నుని సానపడుతూ కూర్చుంది. అది అరిగిపోయి పనికిరాకుండా పోయింది.

ట్రాన్స్‌ఫర్ ఏమైందని అడిగితే మాస్టారు ఎప్పుడూ ఒక్క మాటే. ఫైలు కదల్లేదు.

ల్యాబులో ఇన్‌చార్జి పని ఖాళీ అయినప్పుడు పెద్ద డాక్టరుగారు ముందు ఈవిడనే పిలిచారు. పని మీకే రావాలి, కాకపోతే సాయంత్రం ఆఖరి పేషెంటు వెళ్ళేదాకా ఉండాలి అన్నారు. ఆఖరి పేషెంటు వెళ్ళేసరికి ఆఖరి పాసింజరు వెళ్ళిపోతుంది. కొన్నాళ్ళు ఆగితే మా ఆయనకి ట్రాన్స్‌ఫర్ వస్తుందండీ అంది పళ్ళక్క. ఆగలేం కదమ్మా అన్నారాయన, నొచ్చుకుంటూనే. మైనం ఎంత వేడి చెయ్యాలో ఈవిడ చెయ్యి పట్టి నేర్పిన అమ్మాయికి ఆ కుర్చీ దక్కింది. ఆ అమ్మాయి మంచిది. ఇప్పటికీ అక్కా అనే పిలిచేది. ఆలస్యంగా వచ్చినప్పుడు మాత్రం గోడ గడియారం వైపు ఒకసారి చూసి, ఏమీ అనకుండా తలదించుకునేది. పళ్ళక్కకి ఆ ఏమీ అనకపోవడమే ముల్లులా గుచ్చుకునేది.

అలా ఏళ్ళు గడిచాయి. ఒక శనివారం మాస్టారి సంస్థలో స్టోర్‌కీపరు రిటైరవుతుంటే, భార్యల్ని కూడా తీసుకురమ్మన్నారని ఆయన ఈవిడని వెంటబెట్టుకెళ్ళాడు. వర్క్‌షాపు ముందు షెడ్డులో కుర్చీలు వేశారు. ఉపన్యాసాలయ్యాక అందరూ ప్లేట్లు పట్టుకుని నిలబడ్డారు. స్టోర్‌కీపరు పూలదండ మెళ్ళో ఉండగానే పళ్ళక్క దగ్గరకొచ్చి ఆప్యాయంగా పలకరించాడు.

"మీకు మేమంతా రుణపడి ఉన్నామమ్మా. మీ ఊరి బ్రాంచిలో రెండుసార్లు వెల్డింగ్ పోస్టు పడింది. రెండుసార్లూ మాస్టారికే ఇస్తామన్నారు, ఈయన వద్దన్నారు. ఇక్కడి పిల్లల్ని వదిలి వెళ్ళలేక కాబోలు. మీరు సర్దుకుపోబట్టే కదా అయింది."

పళ్ళక్క మొహంలో నవ్వు అలాగే ఉండిపోయింది. తియ్యడం మర్చిపోయింది. అవునండీ, ఏదో మా అదృష్టం అంది. అలా ఎందుకందో ఆవిడకే తెలీదు. షెడ్డుకి అటు చివర మాస్టారు నలుగురు పాత శిష్యుల మధ్య నిలబడి, ఇంట్లో ఎప్పుడూ నవ్వనంత హాయిగా నవ్వుతున్నాడు.

తిరుగు ప్రయాణంలో ఆయన రోజూ వచ్చే ఎక్స్‌ప్రెస్‌లోనే ఎక్కారు. అందులో అందరూ ఆయనకి తెలుసు. టీ అమ్మేవాడు అడక్కుండానే కప్పు అందించాడు. ఎదుటి సీటు పెద్దాయన, ఇవాళ అమ్మగారు కూడానా అని జరిగి చోటిచ్చాడు. ఆ పెద్దాయన దిగిపోయేదాకా ఆగింది పళ్ళక్క.

"పోస్టు రెండుసార్లొచ్చిందట."

మాస్టారు కాసేపు నీళ్ళు నమిలాడు. తరవాత నమలడం మానేశాడు.

"వచ్చింది."

"నాకు చెప్పలేదేం?"

"చెప్తే రమ్మనేదానివి."

"అంటే?"

"రావాల్సొచ్చేది."

ఆయన గొంతులో కోపం లేదు, భయం లేదు. ఎప్పట్నుంచో మోస్తున్న మూట కింద పెట్టినవాడిలాగా ఉన్నాడు. ఇంకేం దాచలేదు కూడా. ఆ ఊరొస్తే మీ అన్నయ్య ఇల్లు, మీవాళ్ళ పలకరింపులు, అల్లుడుగారూ అంటూ కుర్చీలు వెయ్యడం, అదంతా నావల్ల కాదు అన్నాడు. ఈ రైల్లో ఉన్నంతసేపూ నేను ఎవరికీ ఏమీ కాను, నాకది బావుంటుంది అన్నాడు. మొదట్లో నిజంగానే అర్జీ పెట్టాననీ, మొదటి పోస్టు వచ్చేసరికి ఇలా అలవాటైపోయిందనీ చెప్పాడు.

"నేను చీకట్లో పోయి చీకట్లో రావడం కూడా బావుందా?"

"నువ్వు మాత్రం మా ఊరొస్తానని ఒక్కసారైనా అన్నావా? అక్కడా ఆసుపత్రులున్నాయి. నేనడగలేదు, నువ్వనలేదు. తప్పంతా నాదే ఎలా అవుతుంది?"

ఆ మాట పళ్ళక్కకి సూటిగా తగిలింది, ఎందుకంటే అది నిజం. అనడం సరే, ఆ ఆలోచన కూడా ఆవిడకెప్పుడూ రాలేదు. తన బల్ల, తన దీపం, తన మైనం వదిలి ఇంకో ఊళ్ళో బతకడం ఆవిడ ఊహకే అందలేదు. కానీ నేను అబద్ధమాడలేదు కదా అనుకుంది. మధ్య ఊరు రాగానే ఇద్దరూ దిగి, ఎప్పటిలాగే ఒకరి వెనక ఒకరు మెట్లెక్కారు.

ఆ తరవాత చాలా రోజులు ఏమీ జరగలేదు. అదే అన్నిటికన్నా పెద్ద అవమానంగా తోచింది ఆవిడకి. ఇంత తెలిశాక కూడా పొద్దున్నే డబ్బా కడుతోంది, పాసింజరు ఎక్కుతోంది, టీ తాగుతోంది. చివరికి ఒకనాడు వానలో బండి పొలాల మధ్య ఆగిపోయి, చుట్టూ నిలబడ్డ మనుషుల తడి బట్టలు ఒంటికి ఆనుకుంటుంటే, నేనెందుకు నిలబడ్డాను ఇక్కడ అని తనని తాను ప్రశ్నించుకుంది. ఆ సాయంత్రమే ఆసుపత్రి పక్క సందులో ఒక గది మాట్లాడుకుంది. అన్నయ్య ఇంటికి వెళ్ళలేదు. వెళ్తే అంతా చెప్పాలి, చెప్తే అన్నయ్య మాస్టారి మీద విరుచుకుపడతాడు, దాన్ని మళ్ళీ తనే సర్దాలి.

మాస్టారితో చెబితే ఆయన వద్దనలేదు. పొయ్యి నువ్వు పట్టుకెళ్తావా, నన్నుంచుకోమంటావా అని అడిగాడు. ఆవిడ ఏడుద్దామనుకుని సిద్ధపడింది గానీ ఆ ప్రశ్నకి ఏడుపు కూడా రాలేదు. మీరే ఉంచుకోండి అంది. సామాను సర్దుతుంటే తెలిసింది, ఇన్నేళ్ళ కాపురంలో కలిపి కొన్నది పెద్దగా ఏమీ లేదని. ఇల్లుగలావిడ మెట్ల దగ్గర నిలబడి, ట్రాన్స్‌ఫర్ వచ్చిందా తల్లీ అని సంతోషంగా అడిగింది. వచ్చిందండీ అంది పళ్ళక్క.

అందరూ అనుకున్నట్టు మాస్టారు తన సొంత ఊరు వెళ్ళిపోలేదు. ఆ మేడ మీదే ఉండిపోయాడు. రోజూ అదే ఎక్స్‌ప్రెస్, అదే కిటికీ. పెళ్ళాం లేకపోయినా ఆ మధ్య ఊరు ఆయనకి సరిపోయింది. ఆ సంగతి విన్న రోజు మాత్రం పళ్ళక్కకి అన్నం సయించలేదు.

కొత్త గదిలో మొదటి సాయంత్రం ఆవిడ వెలుగుండగానే ఇల్లు చేరింది. కుర్చీలో కూర్చుంది, లేచింది, కడిగిన గ్లాసే మళ్ళీ కడిగింది. ఇంత పొద్దుని ఏం చేసుకోవాలో తెలియక చివరికి ల్యాబుకి తిరిగి వెళ్ళి సగంలో ఆపిన సెట్టు పూర్తి చేసింది. ఇన్‌చార్జి అమ్మాయి ఆశ్చర్యపోయి, ఇంటికెళ్ళలేదా అక్కా అంది. వెళ్ళొచ్చాను అంది.

ఆ మరుసటేడు మాస్టారి సంస్థ పైవాళ్ళు అక్కడి వెల్డింగ్ విభాగం ఎత్తేశారు. ఈసారి ఇష్టమా కాదా అని ఎవరూ అడగలేదు, ఆయన్ని పళ్ళక్క ఊరి బ్రాంచికి వేశారు. కొన్నాళ్ళు ఆయన మధ్య ఊరి నుంచే పాసింజరులో తిరిగాడు. ఒక మధ్యాహ్నం ఆసుపత్రి గేటు దగ్గరకొచ్చి కబురు పంపాడు. మనిషి నలిగిపోయి ఉన్నాడు. ఇద్దరూ చెట్టు కింద సిమెంటు బల్ల మీద కూర్చున్నారు.

"ఆ బండిలో ఇన్నేళ్ళు ఎలా వచ్చావే?"

"నిలబడి."

ఆయన తలవంచుకున్నాడు. "ఇక్కడ ఇల్లు చూద్దామా?" అన్నాడు.

"చూసుకోండి."

చూద్దాం అన్న మాటకి చూసుకోండి అన్న జవాబు. ఆ తేడా ఆయనకి వెంటనే అర్థమైంది. వెల్డింగ్ మనిషి, ఏది అతుకుతుందో ఏది అతకదో చేత్తో తడిమితే తెలిసేవాడు. మళ్ళీ అడగలేదు. ఆవిడ గదికి కాస్త దూరంలో, బజారు వెనక ఒక వాటా తీసుకున్నాడు.

ఇప్పుడు ఇద్దరూ ఒకే ఊళ్ళో ఉన్నారు, రెండిళ్ళలో. ఎందుకమ్మా ఈ తమాషా, కాళ్ళు పట్టుకోమంటే నేనొచ్చి ఆయన కాళ్ళు పట్టుకుంటాను అని అన్నయ్య ఒకసారి కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. ఆయన్నేం అనకన్నయ్యా, నన్ను కొట్టలేదు, తిట్టలేదు అంది పళ్ళక్క. మరేం చేశాడు అంటే చెప్పలేకపోయింది. రావాల్సొచ్చేది అన్న ఒక్క మాట వినిపించాలి, అది రైల్లో ఆయన గొంతుతో వింటేనే గానీ అర్థం కాదు.

ఆదివారాలు మాస్టారు వస్తాడు. కారే కుళాయి బిగిస్తాడు, తలుపు గడియకి నూనె వేస్తాడు. ఆవిడ ఇద్దరికీ వండుతుంది. పని గురించి మాట్లాడుకుంటారు, అక్కడ మాత్రం ఇద్దరికీ మాటలు దొరుకుతాయి. పొద్దు వాలేసరికి ఆయన చెప్పులేసుకుని, వెళ్ళొస్తాను అంటాడు. ఉండండి అని ఆవిడ అనదు. అనకపోవడానికి మొదట్లో పళ్ళు బిగబట్టాల్సి వచ్చేది. ఈమధ్య ఆ అవసరం కూడా ఉండటం లేదు.