రోజుకు నాలుగు నిమిషాలు

దెయ్యాలున్నాయని నేను ఏనాడూ నమ్మలేదు. నమ్మేవాళ్లను భయపెట్టి సరదాపడ్డవాణ్ని. భీమవరం దగ్గర ఒక ఇంజనీరింగ్ కాలేజీలో ఫిజిక్స్ ల్యాబ్ అసిస్టెంటుగా పనిచేసేవాణ్ని. నేను చెప్పిన కథలు విని హాస్టల్ పిల్లలు మూడో అంతస్తు బాత్రూమ్‌కి ఒంటరిగా వెళ్లడం మానేశారు. కాబట్టి ఇది ఎవరూ నమ్మరని తెలిసే రాస్తున్నాను.

మా లెక్చరర్ ఆనందరావు మాస్టారు ఆదివారం లూథరన్ చర్చిలో పాటలు పాడించేవారు. మిగతా ఆరు రోజులూ ఆకాశం గోలే. కేబుల్ టీవీ వాళ్లు పారేసిన పన్నెండడుగుల డిష్షును కాలేజీ మేడ మీదికి ఎక్కించి, కేబుల్ ల్యాబ్‌లోకి దింపి, ఒక రిసీవరు పెట్టెకూ కంప్యూటరుకూ తగిలించారు.

"ఇందులో ఏం వినపడుద్దండీ?" అని అడిగాను.

"ఆకాశమంతా రేడియోతో సర్వే చేసి లక్షల గెలాక్సీలకు జాబితా రాశారు సూరిబాబు గారూ. కొన్ని కొత్త చుక్కల్ని కంటా మూలుగుతాయి. ఆ మూలుగు మన డిష్షు గొడుక్కి అందదు. కొన్నిటికి కడుపులో కృష్ణబిలం రగులుతుంటది, అవి కేకలేస్తాయి. బాగా గట్టిగా అరిచేదొకటి హంస నక్షత్రరాశిలో ఉందండి. ఆ ఒక్కటీ మన పిల్లలకి చూపిస్తే చాలు."

మా చుట్టూ రొయ్యల చెరువులే. రాత్రంతా నీళ్లలో గాలి కలిపే ఏరేటర్లు తిరుగుతాయి. ఆ మోటార్ల రొదలో ఏ గెలాక్సీ కేకైనా కొట్టుకుపోతుంది. ఎండెక్కాక నీళ్లలో ఆక్సిజన్ దానంతటదే పుడుతుంది కనుక రైతులు వాటిని ఆపేస్తారు. అందుకే మాస్టారు జనవరి మధ్యాహ్నాలను ఎంచుకున్నారు. డిష్షు కదలదు. గెలాక్సీయే దాని ఎదురుగా దాటిపోతుంది. దాటేటప్పుడు తెర మీద గీత మూపురంలా లేస్తుంది. అది నేల మీది మోటారుదైతే రోజూ ఒకే వేళకు లేస్తుంది. ఆకాశానిదైతే రోజుకు నాలుగు నిమిషాలు ముందుగా లేస్తుంది. తేడా పట్టుకునే గుర్తు అదొక్కటే.

మేడ మీద సోలార్ పలకలు వేయించాలని యాజమాన్యం తొందరపడింది. వరసగా మూడు రోజులు అలా ముందుకు జరిగే మూపురం చూపిస్తేనే డిష్షు ఉంటుందని ప్రిన్సిపాల్ తేల్చేశారు. మాస్టారి నాలుగేళ్ల కష్టం ఆ గీతలు అచ్చేసిన మూడు కాగితాల మీద నిలబడింది.

మొదటిరోజు ఒంటిగంటా పన్నెండుకు లేచింది. రెండోరోజు ఒంటిగంటా ఎనిమిదికి. మూడోరోజు మాస్టారికి పరీక్ష డ్యూటీ పడింది. కరెంటు పోయి వస్తే మళ్లీ కంప్యూటరు వేయడమే నా పని. నేను మా బావమరిది చెరువులో రొయ్యల పట్టుబడికి వెళ్లాను. పట్టుబడికి వెళ్లినవాడు ఖాళీ చేతులతో రాడు కదా. సంచీ నిండా రొయ్యలతో మూడింటికి తిరిగొచ్చేసరికి, పన్నెండింటికే కరెంటు పోయి వచ్చి ఉంది. ఫైలు ఖాళీ.

నిన్నటి ఫైలు కాపీ చేసి తేదీ మార్చాను. నాలుగు నిమిషాల సంగతి తట్టనే లేదు. రొయ్యలు పాడైపోతాయేమోనన్న కంగారులో ఉన్నాను.

మాస్టారు ఆ కాగితం చాలాసేపు చూశారు. మిగతా రెండింటితో కలిపి పిన్ను గుచ్చారు.

కమిటీ ముందు ప్రిన్సిపాల్ పట్టేశారు. "నిన్నా మొన్నా ఒకే టైముకొచ్చింది కదండీ. ఇది ఎవరి చెరువు మోటారండీ?"

మాస్టారు తల వంచుకుని, "అయ్యుండొచ్చండి" అన్నారు. నేను గుమ్మం దగ్గరే నిలబడి ఉన్నాను.

ఆ తర్వాత స్టాఫ్ రూమ్‌లో ఆయన కనిపిస్తే చాలు. "మాస్టారూ, మీ గెలాక్సీ ఎంత కౌంటండీ? ముప్పైయా, నలభయ్యా?" కిలోకు ఎన్నంటూ రొయ్యల సైజు అడిగినట్టు అడిగేవారు. అందరితో పాటు నేనూ నవ్వాను. డిష్షు పాతఇనుము కొట్టుకు పోయింది. నెల తిరిగేసరికి మాస్టారు గుండెపోటుతో పోయారు.

ఆయన శవపేటికను సమాధిలోకి దించుతున్న క్షణాన, ల్యాబ్ స్పీకర్లోంచి ఆయన పాట వినిపించిందని టీకొట్టు దగ్గర చాలామందికి చెప్పాను. లైట్లు వాటంతటవే వెలిగాయని కూడా కలిపాను. అంతా అబద్ధం. ఆ ల్యాబ్‌లో స్పీకరే లేదు. జరిగింది ఇంతకన్నా చప్పగా ఉంటుంది.

సమాధి చేసిన మర్నాడు, ఆ కంప్యూటర్ను వేరే గదికి పంపమంటే ల్యాబ్‌కి వెళ్లాను. మేడ మీద డిష్షు లేదు. తెగిన కేబుల్ గోడకు వేలాడుతోంది. కంప్యూటరు వేయగానే రికార్డింగ్ దానంతటదే మొదలయ్యేలా మాస్టారు ఎప్పుడో అమర్చారు. గీత సాగుతోంది. పదీ నలభై నాలుగుకు మూపురం లేచింది.

కాగితం తీసి లెక్క వేశాను. నేను దొంగ ఫైలు పెట్టిన రోజు, అది నిజంగా రావాల్సిన వేళ ఒంటిగంటా నాలుగు. అప్పటికి ముప్పై అయిదు రోజులైంది. రోజుకు నాలుగు చొప్పున నూట నలభై నిమిషాలు వెనక్కి వెళ్తే సరిగ్గా పదీ నలభై నాలుగు.

ఏవో సాకులు చెప్పి కంప్యూటర్ను అక్కడే ఉంచాను. మర్నాడు పదీ నలభైకి లేచింది. మూడోరోజు కేబుల్ను పెట్టె నుంచి కూడా పీకేసి, కుర్చీ వేసుకుని కూర్చున్నాను. పదీ ముప్పై ఆరుకు లేచింది. నాలుగోరోజు గీత చదునుగా ఉంది. మళ్లీ ఎన్నడూ లేవలేదు.

ఆ మూడు రోజుల గీతలూ అచ్చు తీసి, ఆ కాగితాలు పట్టుకుని మాస్టారి భార్య సుగుణమ్మ గారి దగ్గరికి వెళ్లాను. ముందు నా దొంగ ఫైలు సంగతి చెప్పుకున్నాను.

"ఆయనకి తెలుసండి" అన్నారామె. "కాగితం చూడగానే తెలిసిందంట. చెప్తే మీ ఉద్యోగం తీసేస్తారు, రిటైరవడానికి ఇంకో రెండేళ్లే ఉంది పాపం అన్నారు."

తెచ్చిన కాగితాలు ఆమె చేతిలో పెట్టి, ఇవి ఆయన పోయాక వచ్చినవని ఎలాగో చెప్పాను. ఆమె కళ్లజోడు పెట్టుకుని మూడూ ఓపిగ్గా చూశారు.

"ఇయ్యి కూడా మీరే చేశారా అండీ?"

కాదన్నాను. ప్రమాణం చేయబోతే వద్దన్నారు. కాగితాలు మడిచి నా చేతికిచ్చి, "పోనీలెండి, టీ తాగెళ్లండి" అన్నారు.

తాగి వచ్చేశాను. కేబుల్ కూడా లేని పెట్టెలోకి ఆ మూపురం ఎక్కణ్నుంచి వచ్చిందో ఇప్పటికీ చెప్పలేను. ఆ కాగితాలు ఇంకెవరికీ చూపించలేదు.