ఏటవాలు లిఫ్టు ఉన్న ఊరు

శనివారం సాయంత్రం మా ఆయన బాల్కనీలో కూర్చుని, గోళ్లలో ఇరుక్కున్న గ్రీజును అగ్గిపుల్లతో గీకి తీశారు. ఎన్ని సబ్బులు అరగదీసినా ఆ నలుపు పూర్తిగా పోదని ఇద్దరికీ తెలుసు. అయినా సెలవుకి ముందు రోజు ఆ తంతు జరగాల్సిందే. అగ్గిపుల్ల విరిచి కుండీలో పడేసి, “రేపు ఆరో అంతస్తు. గుర్తుందిగా?” అన్నారు.

“మీరు మర్చిపోనిస్తేగా.”

ఆదివారం ఉదయం ఆయన లేవలేదు. నిద్రలోనే గుండె ఆగిపోయిందని డాక్టరు చెప్పాడు.

ఆయన లిఫ్టు మెకానిక్కు. నాకేమో లిఫ్టంటే చచ్చేంత భయం. మా చుట్టాలకి ఇంతకంటే మంచి వేళాకోళం ఇంకోటి దొరకలేదు. నిజానికి ఆ భయమూ ఆయనా నా బతుకులోకి ఒకే రోజు వచ్చారు. నేను ప్రూఫులు దిద్దే ఆఫీసులో ఓ మధ్యాహ్నం కరెంటు పోయి, లిఫ్టు రెండంతస్తుల మధ్య ఆగిపోయింది. లోపల నేనొక్కదాన్నే. అరిచి అరిచి గొంతు పోయాక నెత్తి మీద చప్పుడైంది. కప్పులో ఓ పలక పక్కకి జరిగి, టార్చి వెలుగు, దాని వెనక ఓ మొహం.

“తాడు తెగుతుందని భయమా అండీ? తెగితే మీతో పాటు నేనూ పడతాను. నాకింకా పెళ్లి కూడా కాలేదు.”

ఆ లోటు మరుసటి ఏడాది నేనే తీర్చాను. కానీ ఆ తర్వాత చాలా ఏళ్లు లిఫ్టు గడప తొక్కలేదు. ఈ ఆరో అంతస్తు ఇల్లు కొన్నాక కూడా మెట్లే. నాకు తోడుగా సంచులు మోస్తూ ఆయనా మెట్లే.

ఆ ఊరు మా ఇంటికి క్యాలెండరులో వచ్చింది. విడిభాగాలమ్మే కంపెనీ ఏటా పంపే క్యాలెండరులో ఒక నెల బొమ్మ అది. పెద్ద నది, ఒడ్డున ఇరుకు వీధులు, రాతి ఇళ్లు. వాటి వెనక నిట్టనిలువు కొండ, కొండ మీద మళ్లీ ఊరు. కింది ఊరి నుంచి పై ఊరికి పట్టాల మీద ఏటవాలుగా పాకే లిఫ్టు. నెల మారినా ఆయన కాగితం తిప్పనివ్వలేదు. ఆ ఏడాదంతా మా ఇంట్లో అదే నెల. ఊరి పేరు నాకు నోరు తిరగదు. ఇద్దరం “ఆ ఊరు” అనే అనుకునేవాళ్లం.

“అక్కడందరూ ఫ్రెంచి మాట్లాడతారట,” అన్నారోసారి.

“మన భాషలో చెప్తేనే మీకెక్కదు. ఫ్రెంచిలో ఏం చెప్పించుకుంటారు?”

“అదే సుఖం. నువ్వు నడివీధిలో తిట్టినా పాట పాడుతున్నావనుకుంటారు. ఓ వారం ఉండొద్దాం. పొద్దున కింద కాఫీ, సాయంత్రం పైన కాఫీ. మధ్యలో ఆ లిఫ్టెక్కడం, దిగడం.”

“రోజూ చేసే పనేగా?”

“రోజూ బాగుచేస్తాను. ఎక్కడం వేరు.”

నేను రానన్నాను. లిఫ్టు ఎక్కడానికి సముద్రాలు దాటేంత పిచ్చి నాకు లేదన్నాను. ఆయన పోట్లాడలేదు. ఓ ఆదివారం పొద్దున్నే చెప్పులేసుకుని కిందికి రమ్మన్నారు. ఆ పూటకి ఒక్క అంతస్తు, అంతే. తలుపు మూసుకోకుండా కాలు అడ్డం పెట్టి, నేను లోపలికి వచ్చేదాకా “బోంజూర్ మదామ్” అని ఫ్రెంచి నమస్కారం పెడుతూ నిలబడ్డారు. కదిలాక ఇక నోరు మూయలేదు. “టక్ మంది చూశావా, అది బ్రేకు వదలడం. ఆ గరగర చక్రానిది, పాపం, దానికి వయసైంది, మనలాగే.” నేను కళ్లు మూసుకుని ఆ గొంతే పట్టుకున్నాను. ఆ తర్వాతి ఆదివారాల్లో రెండో అంతస్తు, మూడో అంతస్తు. కొన్ని వారాలు వెనక్కి కూడా వెళ్లాం. “మన గుమ్మం దాకా ఎక్కిన రోజు టికెట్లు కొంటాను,” అన్నారు. ఐదో అంతస్తు దాకా వచ్చాం.

చుట్టాలంతా వెళ్లిపోయి ఇల్లు నిశ్శబ్దమయ్యాక మొదటిసారి విన్నాను. మధ్యాహ్నం లిఫ్టు పైకి వచ్చింది. మా అంతస్తులో ఆగింది. తలుపు తెరుచుకుంది. అడుగుల చప్పుడు లేదు. ఎవరో వచ్చారనుకుని తలుపు తీశాను. ఎదురుగా ఖాళీ పెట్టె, లోపల దీపం, వెనక గోడకున్న అద్దంలో మా గుమ్మంలో నిలబడ్డ నేను. తలుపు మూసుకోవడం లేదు. నేనే మా తలుపు వేసుకున్నాను.

ఆ రోజు నుంచి అదే వరస. ఎవరో కిందికి దిగుతారు. కాసేపటికి అది ఖాళీగా మా అంతస్తుకి వచ్చి, నోరు తెరుచుకుని నిలబడుతుంది. పక్కింటి పిన్నిగారు గుమ్మంలోకి వచ్చి గొంతు తగ్గించారు.

“మీ ఆయనకి ఇల్లు వదలబుద్ధి కావట్లేదేమోనమ్మా.”

“ఇల్లు వదలబుద్ధి కాకపోతే ఇంట్లోకి రావాలిగా పిన్నిగారూ, లిఫ్టులోనే ఎందుకుంటారు?” అన్నాను. అన్నానే గానీ, వంట చేస్తూ ఒక చెవి అటే వేసి ఉండేదాన్ని. అది రావడం ఆలస్యమైతే భయమేసేది. వస్తే ఇంకా భయమేసేది. ఒకసారి గడప దాటి, దాని ముందు దాకా వెళ్లి, “ఏమండీ,” అన్నాను. జవాబు వస్తుందేమోనని పరుగున వచ్చేశాను.

చివరికి ఆయనతో ఏళ్ల తరబడి పనిచేసిన మెకానిక్కుకి ఫోన్ చేశాను. అందరూ పొట్టోడంటారు, మనిషి ఆరడుగులు. మేడ మీది మోటారు గదికి వెళ్లి, చేతులు తుడుచుకుంటూ దిగి వచ్చాడు.

“పాడవలేదు వదినా. ఎవరూ వాడకపోతే లిఫ్టు తనంతట తానే ఒక అంతస్తుకెళ్లి ఆగుతుంది. మామూలుగా కింద పెడతాం. అన్న పోయే ముందు వారం దీన్ని మీ అంతస్తుకి మార్చాడు. ఇక దిగడం కూడా దీంట్లోనే, మీ వదిన తలుపు తీసేసరికి అది తెరుచుకుని ఉండాలిరా, బటన్ నొక్కి నిలబడాల్సొస్తే వెనక్కెళ్లిపోతుంది అన్నాడు. ఇప్పుడు కిందికి మార్చేయనా?”

“ఉండనీ,” అన్నాను.

టీ ఇచ్చాను. ఆ ఊరి సంగతి నేనే ఎత్తాను. నా భయం వల్లే వెళ్లలేకపోయామన్నాను. పొట్టోడు కప్పు కింద పెట్టాడు.

“మీ ఒక్కరి భయమేనా వదినా? అన్న లోపల నిలబడి వెళ్లడం నేనెప్పుడూ చూడలేదు. ఎక్కితే లిఫ్టు నెత్తి మీదే, లేదంటే మెట్లు. తలుపులు మూసుకుంటే ఊపిరాడదనేవాడు. ఆ ఊళ్లో దానికి చుట్టూ అద్దాలేనట. నది, ఆకాశం అన్నీ కనిపిస్తాయట. ఆ ఒక్కదాంట్లో మాత్రం నా భయం మీ వదినకి తెలియకుండా లోపల నిలబడి వెళ్లగలన్రా, అనేవాడు.”

ఆదివారాలు తలుపులు మూసుకున్న పెట్టెలో నా పక్కనే నిలబడి, ఆపకుండా మాట్లాడిన ఆ గొంతు గుర్తొచ్చింది.