కిల్కెన్నీలో కెప్టెన్ భార్యగా

2010వ సంవత్సరం. ఆర్థిక మాంద్యం ఐర్లండ్‌ను గట్టిగా పట్టుకున్న రోజులు. నేను తయారీలో తేడాలు పట్టే వాలిడేషన్ ఇంజనీరుగా పనిచేసే మందుల ఫ్యాక్టరీలో మా విభాగాన్ని మూసేశారు. కొన్ని నెలలు ఖాళీగా కూర్చున్నాక, కిల్కెన్నీలో ఒక పాత రాతి ఇంట్లో నడిచే చిన్న మ్యూజియంలో పని దొరికింది. కాస్ట్యూమ్డ్ గైడ్ అంటారు. పాతకాలపు బట్టలు వేసుకుని, ఆ కాలపు మనిషిలాగే మాట్లాడుతూ సందర్శకులకు ఇల్లు చూపించాలి. అంతకుముందు ఆ వేషం వేసిన అమ్మాయి ఉద్యోగం వెతుక్కుంటూ ఆస్ట్రేలియా వెళ్లిపోయింది. ఆమె గౌను నాకు సరిపోయింది. ఇంటర్వ్యూ దాదాపు అంతే.

నా పాత్ర పేరు ఆన్‌స్టస్. పదహారో శతాబ్దం చివర్లో ఆ ఇంటి ఇల్లాలు. ఆమె భర్త కెప్టెన్ నికొలస్, ఉత్తర సముద్రాల మీదుగా ఇండియాకు దారి కనుక్కుంటానని ఓడెక్కి మళ్లీ రాలేదు. శవం దొరకలేదు కనుక ఆమెను వితంతువని ఎవరూ ఒప్పుకోరు. మొగుడు కనబడడు కనుక ఇల్లాలిగానూ లెక్కచేయరు. రేవు నుంచి వచ్చిన ప్రతివాడూ కెప్టెన్‌ను ఫలానా చోట చూశానని చెప్పి, కడుపునిండా భోంచేసి వెళ్లేవాడు. చివరికి ఆమె విసిగిపోయి, ఖాళీ శవపేటికలో అతని చలికాలపు బూట్లు పెట్టి పాతిపెట్టించింది. ఆ తర్వాత ఆ ఇంట్లోనే బీరు కాచి అమ్ముతూ దర్జాగా బతికింది.

భర్త నిక్షేపంలా ఉండగా ఈ వేషమేమిటని మా అత్తగారు ఫోన్‌లో బాధపడ్డారు. మా ఆయన శ్రీధర్ మాత్రం, "నీ డ్యూటీలో నేను పోయినా పర్లేదు గానీ, డ్యూటీ మాత్రం పోనీకు," అన్నాడు.

అది పోయేలాగే కనిపించింది, డెక్లన్ గారి వల్ల. ఆయన రిటైరైన స్కూలు మాస్టారు. ఆన్‌స్టస్ తమ వంశపు ఆడపడుచని చెప్పుకునేవారు. ఆమె కిల్కెన్నీ పిల్ల అనీ, ఇండియా మనిషి కాదనీ మా మేనేజర్ బ్రీడాకు ఫిర్యాదు చేశారు. అందులో అబద్ధమేమీ లేదు. బ్రీడా ఆయనకు టీ ఇచ్చి పంపేసింది. కానీ మ్యూజియాన్ని ఉంచాలో మూయాలో తేల్చడానికి ఊరి కౌన్సిల్ నుంచి ఒకావిడ వచ్చిన శనివారమే, ఆయన కూడా వచ్చి స్కూలు పిల్లల మధ్య నిలబడ్డారు.

నేను కథలో బూట్ల అంత్యక్రియల దాకా వచ్చేసరికి ఆయన గట్టిగా అన్నారు: "ఈమె ఆన్‌స్టస్ కాదు."

బ్రీడా కళ్లు మూసుకుంది. ఫ్యాక్టరీలో ఏ తేడా కనిపించినా మెషీన్ ఆపేసేవాళ్లం. ఇక్కడ ఆపడానికి ఏ మీటా లేదు. ఆయన నెరిసిన గడ్డం, వానకు తడిసిన పొడుగు కోటు చూశాను.

"నికొలస్," అన్నాను. "పెళ్లాన్ని గుర్తుపట్టలేనంత దూరం వెళ్లావా?"

పిల్లలందరూ ఆయన వైపు తిరిగారు. ఆయన తేరుకునేలోగా మళ్లీ అడిగాను:

"ఇండియా దొరికిందా?"

"లేదు," అన్నారాయన, అనుకోకుండా.

"ఎలా దొరుకుతుంది? అది నీ వంటింట్లో బీరు కాస్తోంది."

ముందు నవ్వింది కౌన్సిల్ ఆవిడే. మాస్టారు ఎర్రబడ్డారు. కానీ జీవితమంతా పాఠాలు చెప్పిన మనిషి, అన్ని కళ్లు తన మీద ఉంటే ఊరుకోలేరు. "మంచు అడ్డొచ్చింది," అని మెల్లగా మొదలుపెట్టి, తుపానులూ తిమింగలాలూ దాటి, చివరికి తన బూట్లు ఇమ్మన్నారు. పాతిపెట్టేశానని చెబితే నిజంగానే నొచ్చుకున్నారు.

ఆ ఏడాది మ్యూజియం మూతపడలేదు. మరుసటి శనివారం నుంచి బ్రీడా ఆయన నెత్తిన కెప్టెన్ టోపీ పెట్టింది. ఆయన ఒకటే షరతు పెట్టారు. చరిత్రలో కెప్టెన్ తిరిగి రాలేదు కాబట్టి, ఆట చివర తను మళ్లీ వెళ్లిపోవాలి. అలాగే ప్రతివారం పెరటి తలుపు తీసుకుని వానలోకి వెళ్లిపోయేవారు. వెళ్లొద్దని పిల్లలు గోలపెట్టేవారు.

మందుల తయారీలో తేడా వస్తే తీసిపారేయాలని నేర్చుకున్నదాన్ని. మనుషుల విషయంలో ఆ తేడాకే ఒక పాత్ర ఇచ్చి చూడవచ్చని ఈ ఉద్యోగం నేర్పింది. ఆన్‌స్టస్ గురించి నేర్పింది మాత్రం ఒక చిన్న పిల్ల. ఒకరోజు అందరూ గోలచేస్తుంటే, ఆ పిల్ల నా ఏప్రన్ లాగి నెమ్మదిగా చెప్పింది.

"వెళ్లనివ్వు. ఆయన లేకపోయినా నువ్వు హాయిగానే ఉన్నావుగా."