తీగల్లేని గిటార్ కావాలట

భూపాలపల్లిలో మాది రెండు గదుల ఇల్లు. నా గిటార్ బీరువా మీద పడి ఉండేది. దాన్ని చూసినప్పుడల్లా మా ఆయనకు అక్కడ పరుపుచుట్ట పెట్టుకోవచ్చు కదా అనిపించేది. అత్తగారికైతే ఒళ్ళు మంట. "బడిల పిల్లలకు చదువు చెప్పే పంతులమ్మవు, నీకు గీ డింగు డింగు ఏందే?" అనేది. ఆమె పొద్దస్తమానం టీవీలో వినే సీరియల్ ఏడుపులు మాత్రం మహా సంగీతం!

ఆ గిటార్ నేను కొన్నది ఉద్యోగం వచ్చిన కొత్తలో, మహబూబాబాద్‌లో ఒక మిర్చి షావుకారు దగ్గర. ఆయన సుపుత్రుడు ఎవరో అమ్మాయి మెప్పు కోసం గిటార్ కొనిపించుకున్నాడట. నాలుగు రోజులు మీటేసరికి సుకుమారమైన వేళ్ళు నొప్పి పుట్టాయి. అంతే, సంగీతం తీసుకెళ్ళి గోదాములో బస్తాల మీద పడేశాడు. "తీస్కపో బిడ్డా, జాగ దండుగ" అన్నాడు షావుకారు. ఇప్పటికీ దాని కడుపు దగ్గర ముక్కు పెడితే తుమ్ములొస్తాయి.

మాది గూడూరు దగ్గర తండా. మా లంబాడీల పెళ్ళిలో అత్తారింటికి పోయేముందు పెళ్ళికూతురు ఒక్కొక్కరి మెడ పట్టుకొని ఏడుస్తూ పాడాలి. దాన్ని ఢావ్లో అంటాం. ఊరికే ఏడిస్తే కుదరదు. దానికొక వరస ఉంది, ఆ వరసలో మాటలు కట్టుకోవాలి. పెళ్ళికి ముందు పెద్దవాళ్ళు కూర్చోబెట్టి నేర్పుతారు. నా పెళ్ళికి నేర్చుకునేటప్పుడు నాకు గొంతు పెగల్లేదు. హాస్టల్లో పెరిగినదాన్ని, మా భాషలో నోరు విప్పాలంటేనే సిగ్గు. మా యాడి, అంటే మా అమ్మ, నన్ను తిట్టలేదు. ఎండబోసిన మిర్చి పక్కన కూర్చొని తను పాడేది, నేను ఆ వరసను గిటార్ మీద వెతుక్కునేదాన్ని. ఫోన్‌లో చూసి నేను బిగించిన శ్రుతి ఆమెకు అందేది కాదు. "దించు, ఇంకా దించు" అనేది. ఆమె గొంతు ఎక్కడుందో అక్కడిదాకా తీగలన్నీ వదులు చేశాను. తీగ దారి చూపిస్తే నా గొంతు దాని వెనకే వచ్చింది. యాడి పోయాక గిటార్ ముట్టుకుంటే ఏడుపు, ముట్టుకోకపోతే ఇంట్లో సాధింపు. ఎవరికైనా అమ్మేస్తే పీడా పోతుంది అనుకునే స్థితికి వచ్చాను.

అప్పుడే మా అక్క కూతురికి పెళ్ళి కుదిరింది. పిల్లకు జనగామలో ఉద్యోగం, పెళ్ళికొడుకూ అక్కడివాడే. ఈ కాలంలో తాళి కట్టకపోయినా ఫరవాలేదు గానీ ప్రీ వెడ్డింగ్ షూట్ లేకపోతే పెళ్ళి చెల్లదు కదా! ఆ ఫొటోలు తీసేవాడికి తన జంటలన్నిటికీ పనికొచ్చేలా ఒక గిటార్ కావాలట. "సిన్నమ్మా, నీది ఉత్తగనే పడి ఉన్నది గదా, ఆ అన్నకు అమ్మెయ్యరాదు?" అని పిల్ల ఫోన్ చేసింది.

"ఇస్తాలే. నీకు ఢావ్లో ఎవరు నేర్పుతున్నారే?" అని అడిగాను.

"గవన్ని ఇప్పుడెవరు పాడుతున్నరు? మేకప్ ఖరాబైతది. డీజే పెడుతున్నం."

మా అక్కను అడిగితే ఇంకా ఘోరం. "నాకే సగం యాదిలేదు, దానికేం నేర్పాలె?" అంది. సొంత తల్లి పాట సగం మింగేసి ఎంత హాయిగా ఉందో! ఆ వరస మొత్తంగా ఎక్కడైనా మిగిలి ఉంటే నా వేళ్ళలోనే మిగిలి ఉంది. ఆ సంగతి తెలిసి కూడా గిటార్ ఒళ్ళో పెట్టుకొని జనగామ బస్సెక్కాను.

ఆ స్టూడియో వైభవం చెప్పాలి. గోడకు అట్ట చందమామ, దాని కింద ప్లాస్టిక్ పూల ఉయ్యాల. మండే ఎండల్లో పెళ్ళికొడుకు కోటు తొడుక్కొని చెమటలు కక్కుతున్నాడు. మా పిల్ల అద్దె గౌనులో కూర్చోలేక, లేవలేక అవస్థ పడుతోంది. పెళ్ళికొడుకు గిటార్ అందుకొని, బియ్యం చెరిగే చాటను పట్టినట్టు పట్టి, ఒకసారి బరికాడు.

"ట్యూన్‌ల లేదు ఆంటీ ఇది."

ట్యూనట! వాడి మొహానికి ఆ మాట కూడా వచ్చు. అది మా యాడి గొంతురా అని చెబితే వాడికి ఏం ఎక్కుతుంది?

ఈలోగా ఫొటోలవాడు సొరుగులోంచి కటింగ్ ప్లేయర్ తీశాడు. చల్లద్దాలు నెత్తిమీద పెట్టుకొని, ఆపరేషన్ చేయబోయే డాక్టర్‌లా వంగాడు.

"ఏం చేస్తున్నావు?"

"తీగలు కట్ చేస్తున్న అక్కా. గౌన్లకు, చున్నీలకు తట్టుకుంటయి. లైటుకు మెరుస్తయి గూడ. ఫొటోల తీగలు ఎవలు చూస్తరు?"

లావు తీగ ఆ ఇనప నోట్లోకి వెళ్ళింది.

"చెయ్యి తియ్! తియ్ అంటున్నానా!"

"అరే, గింత పరేషాన్ ఎందుకక్కా? అమ్మినంక నీకేంది?"

"ఇంకా అమ్మలేదు, అమ్మను కూడా. తీగల్లేని గిటార్ కావాలంటే అట్టతో చేయించుకో, నీ చందమామ పక్కన బాగుంటుంది!"

"సిన్నమ్మా, ఇజ్జత్ తీస్తున్నవ్" అని మా పిల్ల గింజుకుంది. నేను వినిపించుకోలేదు. గిటార్ లాక్కొని ఆ దిక్కుమాలిన ఉయ్యాలలో కూలబడ్డాను. కోపం దిగడం లేదు. చెవితో వెతుక్కుంటూ తీగలు సర్ది, ఢావ్లో వరస మొదలుపెట్టాను. ఎక్కడా తడుముకోలేదు.

పిల్ల గౌను ఎత్తి పట్టుకొని దగ్గరికొచ్చింది. "ఇది అమ్మమ్మది గదా?" అంది మెల్లగా. కాసేపు విని, నేను ఆపగానే, "ముంగటికి ఎట్ల పోతది?" అని అడిగింది.

"షూట్ ఉన్నదా, లేదా?" అన్నాడు కోటు మహానుభావుడు. పిల్ల గౌను సర్దుకొని ఉయ్యాలలో నా పక్కన ఇరుక్కుంది, నేను వరస మళ్ళీ మొదటినుంచి ఎత్తుకున్నాను.

పెళ్ళి తండాలోనే జరిగింది. సాగనంపే వేళకు డీజే నోరు నేనే మూయించాను. పిల్ల మా అక్క మెడ పట్టుకొని మొదలుపెట్టింది. సగంలో వరస తప్పింది. మా అక్కకు గుర్తున్నదీ అంతవరకే. నేను పక్కనుంచి తీగ మీటాను, పిల్ల అందుకుంది. అప్పుడు ఆ చల్లద్దాలవాడు కెమెరాతో మధ్యలోకి దూరి, "అక్కా, జర ఆగుండ్రి, ఫోకస్ రాలే. పిల్లను మల్లొక్కసారి ఏడ్వుమనుండ్రి" అన్నాడు.

తిట్టడానికి నోరు తెరిచాను. పిల్ల అప్పటికే నా మెడ చుట్టేసింది. గిటార్ మా ఇద్దరి మధ్య నలిగిపోయింది, మీటడానికి నాకు చెయ్యి ఆడలేదు. మిగతా పాటంతా పిల్ల ఒక్కతే పాడింది, యాడి శ్రుతిలో.