ఫాల్ కుట్టిన చీరలు అద్దెలో కలుస్తాయా

కరోనా తర్వాతి ఏడాది జూన్‌లో నన్ను ధరల సర్వే పనికి ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందులకు వేశారు. హోదా క్షేత్ర పరిశీలకురాలు. ఆరు నెలల కాంట్రాక్టు, పని నచ్చితే పొడిగిస్తారు. బిడ్డ పుట్టాక మానేశాను కానీ, అందులో ఒక తనిఖీ రోజు మాత్రం ఇప్పటికీ నిన్న జరిగినట్టే ఉంటుంది.

బియ్యం, నూనె, పప్పుల ధరలు నెలనెలా అవే అంగళ్లలో అడగాలి. ఇంటి అద్దెలు ఆరు నెలలకోసారి, ముందే ఎంపిక చేసిన ఇళ్లలోనే అడగాలి. నగరానికీ మా ఊళ్లకూ బియ్యం ధరలో పెద్ద తేడా ఉండదు. తేడా అంతా స్థలం ధరలో, దాన్నిబట్టి అద్దెలో ఉంటుంది. నగరంలో టిఫిన్ సెంటరు వాడు, ట్యూషన్ మాస్టరు, మంగలి కూడా తమ అద్దెను మన దగ్గరే రాబట్టుకుంటారు. అందుకే పై అధికారులు ముందుగా అద్దెల పట్టికే చూసేవారు.

నాలుగో విడత అద్దెలు పంపాక విజయవాడ నుంచి సూపర్‌వైజర్ వచ్చారు. ఆయన సంతకం లేనిదే కాంట్రాక్టు కదలదు. అప్పుడు నాకు ఐదో నెల. ఇంట్లో నిలకడైన ఆదాయం నాదొక్కటే.

అద్దెల పట్టికలో ప్రొద్దుటూరు ఇల్లు ఒకదాని దగ్గర ఆయన వేలు ఆగింది. ఆ వీధిలో అంతే సైజు ఇళ్ల అద్దె ఐదు వేలు. ఇది మాత్రం నాలుగు విడతలూ మూడు వేలే. ఇంట్లో కూర్చుని పాత అంకె ఎక్కించారా అని అడిగారు. అది రుజువైతే అదే రోజు తొలగిస్తారు. కాదన్నాను. అయితే పదండి అన్నారు.

ఇంటి యజమాని సుబ్బయ్య శెట్టి. బట్టల అంగడి నడుపుతాడు, కాపురం మేడ మీద. కింది భాగంలో ఎనిమిదేళ్లుగా ఉంటున్నది లక్ష్మీదేవి, మిషను కుట్టే మనిషి. మమ్మల్ని చూసి శెట్టి కూడా కిందికి దిగాడు.

"మూడు వేలే సార్. నేనేమన్నా అబద్ధం చెప్తాండానా?" అంది లక్ష్మీదేవి.

"ఐదు వేల ఇల్లు మూడు వేలకిచ్చినా. మనోళ్లే కదా అని. యాడ దొరుకుతాది సార్ ఈ కాలంలో?" అన్నాడు శెట్టి.

నాకు ప్రాణం లేచొచ్చింది. సూపర్‌వైజర్ మాత్రం మంచం మీద మడతలు పెట్టిన చీరల వైపు చూశారు. ఎవరివని అడిగారు.

"ఈ అప్ప అంగడివి సార్. ఫాల్ కుట్టి ఇస్తాంటా."

ఎంతిస్తారు అని అడిగితే ఆమె నవ్వింది. "వాళ్లింట్లో ఉంటా వాళ్లనే కూలి అడుగుతారా ఏంది సార్?"

మా ఫారంలో పని రూపంలో చెల్లించే అద్దెకు వేరే గడి ఉంది. నాలుగుసార్లూ అందులో అడ్డగీత పెట్టింది నేనే. ఆ చీరలు చూడక కాదు. మా ఇంటి ఓనరమ్మ పిల్లలకు నేనూ రోజూ లెక్కలు చెప్పేదాన్ని. అది అద్దె అని నాకెప్పుడూ తోచలేదు.

"ఇది మీకు ముందే తెలుసా?" అన్నారాయన. తెలియదంటే తప్పు దాచిపెట్టిన లక్ష్మీదేవిది అవుతుంది, నేను బయటపడతాను. ఆమె నా ముఖమే చూస్తోంది. తెలుసని చెప్పాను.

ఆయన ఫైలు మూసి, నెలకు ఎన్ని చీరలు, బజారులో ఫాల్‌కు ఎంత అని ఆమెనే అడిగారు. అరవై చీరలు, యాభై రూపాయలు. మూడు వేలు. నగదుతో కలిపితే అద్దె ఆరు వేలు.

శెట్టి ముఖం మారింది. "ఏమ్మా, ఆపీసర్లను పిలిపించి నా మీద లెక్క కట్టిస్తాండావా?"

"నేనేల పిలిపిస్తా అప్పా? నాకే ఇప్పుడు తెలిసె. శానా అగ్గువ ఇల్లని వీధంతా చెప్పుకుంటాంటి గదా!"

ఆ సాయంత్రం నాలుగు విడతల ఫారాలూ నా చేత్తోనే సరిదిద్ది సంతకం పెట్టాను. ఊహించి రాసి ఉంటే తొలగింపు, వదిలేసినందుకు మెమో. పొడిగింపు ఆరు నెలలకు బదులు మూడు నెలలే ఇచ్చారు. రెండు నెలల తర్వాత సరుకుల ధరల కోసం ఆ వీధికి వెళ్లేసరికి లక్ష్మీదేవి ఐదు వేలు నగదుగా కడుతోంది. చీరకు యాభై లెక్కన కూలి తీసుకుంటోంది.

మధ్యతరహా ఊళ్లో బతుకు చవక అన్నది నిజమే, స్థలం చవక కాబట్టి. కానీ ఆ చవకలో కొంత భాగం ఎవరో కూలి లేకుండా చేసే పని. నగరంలో అదే పని బిల్లుగా వస్తుంది కాబట్టి లెక్కకు దొరుకుతుంది. రెండు ఊళ్లను పోల్చాలంటే ఎంత కడుతున్నారనే కాదు, ఆ ఇంట్లో ఉన్నందుకు ఇంకేం చేస్తున్నారని కూడా అడగాలి. చేసేవాళ్లు తమంతట తాము చెప్పరు.