త్యాగరాజుగారి ఉపవాసాలు

త్యాగరాజుగారు ఉపవాసాలుండే రకం కాదు. సరోజినీ నగర్‌లో మా క్వార్టర్ నుంచి గోంగూర పచ్చడి తాలింపు వాసన వస్తే పిలవకుండానే వచ్చి కూర్చునే మనిషి. అయినా 1978లో మా ఆఫీసు సెక్షన్లో ఆయనంతటి నిష్ఠాపరుడు లేడని పేరు. పొద్దున వచ్చింది మొదలు సాయంత్రం బస్సెక్కేదాకా పచ్చి మంచినీళ్ళు ముట్టేవారు కాదు.

అసలు సంగతి ఆయన భార్య హైమవతికీ, అదే సెక్షన్లో పనిచేసే నాకూ మాత్రమే తెలుసు. ఆయనకు పెద్దపేగులో పుండ్లు. నీళ్ళు తాగితే మాటిమాటికీ పరుగెత్తాల్సి వస్తుందని, నలుగురిలో పరువు పోతుందని ఆయన భయం. ఒకరోజు టీ వద్దంటే పక్క సీటు కాంతా శర్మ, "ఆజ్ భీ వ్రత్ హై, పండిత్‌జీ?" అని, ఇవాళా ఉపవాసమేనా అన్నట్టు అడిగింది. ఈయన కాదనలేదు. ఇంకేముంది! డిపార్ట్‌మెంటు పరీక్షలకు వెళ్ళేవాళ్ళంతా వచ్చి ఆయన కాళ్ళకు దండం పెట్టడం మొదలెట్టారు.

"ఎవరికీ చెప్పకండి సీతారత్నంగారూ, మీకు పుణ్యముంటుంది" అని బతిమాలారు. నేను దద్దమ్మలా నోరు మూసుకున్నాను. ఆ తప్పు నాది కూడా.

మే నెలలో ఒక మధ్యాహ్నం నడుం పట్టుకుని ఫైళ్ళ మీద పడిపోయారు. కిడ్నీలో రాయి. పేగు జబ్బుతో ఒంట్లో నీళ్ళు ముందే తగ్గిపోతుంటే, తాగడం కూడా మానేస్తే రాళ్ళు రాక ఏమొస్తాయని డాక్టరు కడిగిపారేశాడు. మందులు మానకుండా వాడాలి, గంటగంటకూ నీళ్ళు తాగాలి, లేకపోతే ఆ కిడ్నీ దక్కదన్నాడు. గోంగూర కూడా తగ్గించమన్నాడు. ఈయన ఎక్కువ బాధపడింది ఆ మాటకే.

తిరిగి ఆఫీసుకొచ్చిన రోజు కాంతా శర్మ మళ్ళీ దండం పెట్టబోయింది. ఆయన కాళ్ళు వెనక్కి లాక్కున్నారు. చేతిలో నీళ్ళ గ్లాసు ఉంది. తాగితే పండిత్‌జీ పోతారు, తాగకపోతే కిడ్నీ పోతుంది. నాకు ఏడుపొచ్చింది.

"వ్రత్ గిత్ కుఛ్ నహీ. పేట్ కీ బీమారీ హై. దిన్ మే దస్ బార్ జానా పడ్తా హై" అనేశారు. వ్రతమూ లేదు గితమూ లేదు, కడుపు జబ్బు, రోజుకు పదిసార్లు పరుగెత్తాలని అందరి ముందూ ఒప్పేసుకున్నారు.

మా హెడ్‌క్లర్కు చోప్రాగారు నవ్వడమే ఎరగని మనిషి. వరండా తలుపు పక్కన, బాత్రూముకు నాలుగడుగుల దూరంలో ఉన్న తన బల్లను ఎన్నడూ ఎవరికీ వదిలింది లేదు. ఆయన లేచి, ఆ బల్లకు రెండో వైపు ఒక కుర్చీ లాగి వేశారు.

"ఆప్ యహా బైఠియే. గ్యారహ్ సాల్ సే మేరా భీ యహీ హాల్ హై" అన్నారు.

పదకొండేళ్ళుగా ఆయనదీ అదే అవస్థట! సెక్షనంతా ఒక్కసారిగా గొల్లున నవ్వింది. అందరికంటే గట్టిగా నవ్వింది చోప్రాగారే. త్యాగరాజుగారు ఆ కుర్చీలో కూర్చుని గ్లాసెత్తి గటగటా తాగారు. రెండో గ్లాసు ఆయనే అడిగి పోయించుకున్నారు.