చిన్నాయన పేర బియ్యం

నేను రాసే కథల్లో తప్పించుకోవడం చాలా కష్టం. అవి ఎన్నో ఏళ్ల తర్వాత జరగబోయే కథలు. కావాలని మాయమైనవాళ్లను వెతికే డిటెక్టివ్ ఒకడుంటాడు. ఎవరు వదిలిన ఊపిరి ఏ గాలిలో ఉందో అతని యంత్రం చెప్పేస్తుంది. తొండుపల్లిలో మా ఇంటి మీదుగా విమానం పోయినప్పుడల్లా రాయడం ఆపి, అది పోయాక మళ్లీ మొదలుపెడతాను. అందుకే నా వాక్యాలు పొట్టిగా ఉంటాయి. అది శైలి అనుకుని మెచ్చుకున్నవాళ్లూ ఉన్నారు.

మా చిన్నాయన మాయమవడానికి యంత్రాలేవీ అడ్డం రాలేదు. సాగుచేసుకునే భూమి ప్లాట్ల వెంచర్లో కలిసిపోయాక, కొన్నాళ్లు ఆ గేటు బయట నిలబడి చూసొచ్చేవాడు. ఒక పొద్దున ఫోన్ చార్జింగుకు పెట్టి, చెప్పులేసుకుని వెళ్లిపోయాడు. చార్జింగ్ నిండింది, మనిషి రాలేదు. స్టేషన్లో "తనంత తానే పోయిండు, మేమేం చేస్తం" అన్నారు.

రెండేళ్లయింది. పెత్రమాస వచ్చింది. ఆ రోజు మా వైపు ప్రతి ఇంటివాళ్లూ చనిపోయిన పెద్దల పేర్లు చెప్పి, గుళ్లో అయ్యగారికి బియ్యం, కూరగాయలు ఇస్తారు. ఈసారి చిన్నాయన పేర కూడా ఇచ్చేయమని పెద్దమనుషులు చిన్నమ్మకు చెప్పారు. ఇస్తే ఆయన చనిపోయినట్టే. ఆమె పుస్తెలు తీసేయాలి.

ఆ పొద్దున ఆమె చేటలో బియ్యం విడిగా పోసుకుని, పక్క వాటాలోంచి వచ్చి మా గడపలో కూర్చుంది.

"నీ కథల్ల అందర్ని దొరకబడ్తవ్ గద కొడుకా. గీ ఒక్కన్ని పట్టుకో."

"కథల్ల మిషిన్ ఉంటది చిన్నమ్మా. నాకు బైక్ గూడ లేదు."

"నవ్వులాట తర్వాత. ఉన్నడా లేడా, గదొక్కటి చెప్పు. గుడి మూసే దాంక ఆగుత."

యంత్రం లేకపోవడంతో ఆలోచించాల్సి వచ్చింది. తాతకు బియ్యం ఇవ్వడం చిన్నాయన ఏనాడూ తప్పలేదు. ఒకసారి జ్వరంతో, దుప్పటి కప్పుకుని మరీ వెళ్లాడు. పెళ్లాన్ని వదిలేశాడు సరే, తండ్రిని వదలడు. మా ఊరి గుడికి రాడు, అక్కడ అందరూ ఎరిగినవాళ్లే. ఎక్కడికో దూరం పోయేంత హుషారున్న మనిషీ కాదు. ఆటో ఎక్కి దగ్గర్లోని మామిడిపల్లి గుడికి వెళ్లాను. లేడు. సాతంరాయి వెళ్లాను.

వరుసలో నిలబడి ఉన్నాడు. స్టీలు పళ్లెంలో బియ్యం, గుమ్మడికాయ ముక్క, గుప్పెడు గోరుచిక్కుళ్లు. గడ్డం పెరిగింది. ఒంటిమీద ఏదో పార్కింగు వాళ్ల చొక్కా. అక్కడివాళ్లకు తన పేరేమని చెప్పుకున్నాడో గాని, అయ్యగారి ముందు మాత్రం తాత పేరు, ముత్తాత పేరు గట్టిగా, తడబడకుండా చెప్పాడు.

వెనక్కి తిరిగితే నేను.

"ఎట్లొచ్చినవ్‌రా?"

"ఆటోల."

నవ్వబోయి మానుకున్నాడు. "ఇంటికి రమ్మంటున్నదా?"

"లేదు. నీ పేర బియ్యం ఇయ్యాల్నా, వద్దా అని అడుగుతున్నది."

ఖాళీ పళ్లేన్ని కండువాతో తుడిచాడు. అది శుభ్రమయ్యాక కూడా తుడుస్తూనే ఉన్నాడు.

"ఇయ్యమను."

"చిన్నాయనా, నువ్వు బతికే ఉన్నవ్."

"నీకు గట్ల కనబడుతున్నదిరా."

నా డిటెక్టివ్ అయితే ఇక్కడ సంకెళ్లు వేసి కథ ముగిస్తాడు. నేను ఆటో కోసం చెయ్యెత్తాను.

చిన్నమ్మ గడపలోనే ఉంది.

"ఉన్నడా?"

"ఉన్నడు."

"వస్తడా?"

"రాడు. బియ్యం ఇయ్యమన్నడు."

ఈ మాటకు ముందో వెనకో పెట్టడానికి ఏదైనా జోకు దొరుకుతుందేమోనని దారంతా వెతికాను. దొరకలేదు. ఆమె పుస్తెలు చేత్తో పట్టుకుని కాసేపు చూసుకుంది.

"భూమి పోయినప్పటి సంది ఆయన పనులన్నీ నేనే చేస్తున్న. ఇగ సచ్చే పని గూడ ఆయనకి నేనే చెయ్యాల్నా?"

చేట పట్టుకుని లేచి వంటింట్లోకి పోయింది. ఆ బియ్యమే కడిగి పొయ్యి మీద పెట్టింది. నన్నూ తినమంది.

"బక్కగైండా?" అని అడిగింది అన్నం కలుపుతూ.

"గడ్డం అడ్డమొచ్చింది చిన్నమ్మా, తెల్వలే."

ఇంటి మీదుగా విమానం పోయింది. అది పోయేదాకా ఇద్దరం ఆగాం. మళ్లీ తినడం మొదలుపెట్టాం.